టీవీ, ఇంటర్నెట్ కలిపి కట్టే బిల్లు ఎందుకింత ఎక్కువ? తగ్గించుకునే దారి ఏమిటి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంటికి కేబుల్ టీవీ, ఇంటర్నెట్ రెండూ ఒకే సంస్థ నుంచి ఒకే ప్యాక్ కింద వస్తున్నాయి. చేరినప్పుడు చెప్పిన ధరకూ ఇప్పుడు కడుతున్న ధరకూ పొంతన లేదు. మొదటి ఏడాది ముగియగానే రాయితీ తీసేశారు. ఆ తరువాత చానళ్ల రేట్లు పెరిగాయని ఒకసారి, ఇంటర్నెట్ వేగం పెంచామని మరొకసారి బిల్లు పెంచారు. వేగం పెంచమని మేము అడగనూ లేదు, పెంచిన తరువాత మాకు తేడా తెలియనూ లేదు.

ఈ నెల బిల్లును మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివాను. ప్యాక్ ధర కాక, రెండో టీవీకి విడిగా కనెక్షన్ చార్జీ, రెండు సెట్‌టాప్ బాక్సులకూ అద్దె, రౌటర్‌కు అద్దె, వీటన్నిటి మీదా పన్ను ఉన్నాయి. ఇన్నాళ్లుగా కట్టిన అద్దెతో ఆ పెట్టెల ఖరీదు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ప్యాక్‌లో వందలకొద్దీ చానళ్లు ఉన్నా, మా ఇంట్లో పెద్దవాళ్లు చూసే వార్తలు, ధారావాహికలు, మా అబ్బాయి చూసే ఆటల చానళ్లు అన్నీ కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నేను అడగదలచుకున్నవి ఇవి. చూడని చానళ్లకు మేమెందుకు డబ్బు కట్టాలి? ఇంటికి వచ్చే వైరు అదే, గోడకున్న పెట్టె అదే అయినప్పుడు ఇంటర్నెట్ చార్జీ ఏటా ఎందుకు పెరగాలి? టీవీ పూర్తిగా మానేసి ఇంటర్నెట్ ఒక్కటే ఉంచుకుంటే నిజంగా ఆదా అవుతుందా? నెల జీతం మీద నడిచే ఇళ్లలో ఇది చిన్న ఖర్చు కాదు. పిల్లల చదువు, మా ఉద్యోగం కూడా దీనితోనే ముడిపడి ఉన్నాయి కాబట్టి మానుకోగలిగిన ఖర్చూ కాదు. ఈ రంగం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు (కేబుల్ పంపిణీ రంగంలో పనిచేసినవారు)

నమస్కారమండీ. నేను పనిచేసింది టీవీ వైపు కాబట్టి మీ మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను.

టీవీ కోసం మీరు కట్టే డబ్బంతా వైరు లాగిన ఆపరేటరుకే చేరుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో చెప్పుకోదగ్గ వాటా చానళ్ల యజమానులకు వెళ్లిపోతుంది. పే చానల్ (అంటే డబ్బు కట్టి చూసే చానల్) యజమాని ఒక్కో చందాదారుకు నెలకు ఇంత అని రేటు నిర్ణయిస్తాడు. ఆ డబ్బు మీరు ఆ చానల్ చూశారా లేదా అన్నదాన్ని బట్టి కాక, అది మీ ప్యాక్‌లో ఉందా లేదా అన్నదాన్ని బట్టి వసూలవుతుంది. అందుకే ప్రతి యజమానీ తన చానళ్లు వీలైనన్ని ఎక్కువ ఇళ్ల ప్యాక్‌లలో ఉండాలని పట్టుబడతాడు. జనం వెతుక్కుని చూసే ఒక్క చానల్ కావాలంటే, దానితోపాటు ఎవరూ అడగని మరికొన్ని చానళ్లనూ తీసుకోవాలని ఆపరేటరుతో ఒప్పందం దగ్గరే తేల్చేస్తాడు. ఒప్పుకోకపోతే ఆ ఒక్క చానల్ ఆగిపోతుంది, ఆగిన రోజు చందాదారులు నిలదీసేది ఆపరేటరునే. ఈ బేరంలో చందాదారు తరఫున కూర్చునేవారు ఎవరూ ఉండరు.

కేబుల్ టీవీ మొదలైనప్పుడు పరిస్థితి ఇలా లేదు. 1948 ప్రాంతంలో అమెరికాలోని కొండ ప్రాంతాల్లో, సిగ్నల్ సరిగా అందని ఊళ్లవారు ఎత్తైన చోట ఒక ఉమ్మడి యాంటెన్నా నిలబెట్టి అక్కడి నుంచి ఇళ్లకు వైరు లాక్కున్నారు. అప్పుడు చందా అంటే యాంటెన్నాకు, వైరుకు, వాటి మరమ్మతుకు అయ్యే ఖర్చు మాత్రమే. తరువాత కేబుల్ కోసమే ప్రత్యేకంగా చానళ్లు పుట్టుకొచ్చాయి. 1984లో అమెరికా చట్టం కేబుల్ రేట్ల మీద నియంత్రణను చాలావరకు ఎత్తివేసింది. ఫిర్యాదులు పెరగడంతో 1992లో మరో చట్టం ఆ నియంత్రణను కొంత తిరిగి తెచ్చింది గాని, అదే చట్టం గాలిలో ఉచితంగా వచ్చే ప్రసార కేంద్రాలకు కూడా కేబుల్ సంస్థల నుంచి రుసుము అడిగే హక్కు ఇచ్చింది. ఆ రుసుము ఈనాటికీ అక్కడి బిల్లుల్లో ఒక ప్రత్యేకమైన వరుసగా కనిపిస్తుంది. వీటికి తోడు ఆటల ప్రసార హక్కులు ఉన్నాయి. హక్కుల వేలంలో పాడిన మొత్తాన్ని రాబట్టడానికి ఆటల చానళ్ల రేట్లు పెంచుతారు. చానల్ ప్యాక్‌లో ఉంటే ఆట చూడనివారి బిల్లులో కూడా ఆ పెంపు చేరుతుంది.

అయితే కావలసిన చానళ్లనే విడివిడిగా కొనుక్కోనిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. కెనడాలో ఆ పద్ధతి 2016లో అమల్లోకి వచ్చింది. భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనలు 2019 ఫిబ్రవరి నుంచి చందాదారుల దాకా వచ్చాయి. విడి చానళ్ల ధరలు ఎక్కువగా పెట్టి, బొకే (కొన్ని చానళ్లను కలిపి అమ్మే కట్ట) ధరను బాగా తగ్గించి చూపడంతో, విడిగా ఎంచుకునే హక్కు ఉన్నా బొకే తీసుకోవడమే లాభంగా కనిపించే పరిస్థితి ఏర్పడింది. అందుకే 2020 జనవరిలో ట్రాయ్ ఆ రెండింటి మధ్య తేడాకు హద్దు పెడుతూ నిబంధనలు సవరించవలసి వచ్చింది. 2012లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వెలువడిన ఒక అధ్యయనం కూడా, చానళ్లను విడిగా అమ్మితే పంపిణీదారులు చానళ్లకు చెల్లించే ధర సుమారు రెట్టింపవుతుందనీ, ఆ కారణంగా ప్రేక్షకుడికి మొత్తం మీద మిగిలేది పెద్దగా ఉండదనీ లెక్కకట్టింది. కాబట్టి చానళ్లను ఏరుకోవడం వల్ల లాభం అందరికీ ఒకేలా ఉండదు. మీ ఇంట్లోలా చూసేవి నిజంగా కొద్దిగానే ఉన్నవారికి ఉంటుంది, రకరకాల అభిరుచులున్న పెద్ద కుటుంబానికి ఉండకపోవచ్చు.

జవాబు (నెట్‌వర్క్ ఇంజనీరు)

మీ రెండో ప్రశ్న చాలా సరైనది, దానికి సంస్థలు సూటిగా జవాబు చెప్పవు. ఫైబర్ వేయడంలో ఫైబర్ ధర చిన్న భాగమే. రోడ్డు తవ్వడం, గొట్టాలు వేయడం, స్తంభాలకు అద్దె కట్టడం, అనుమతులు తెచ్చుకోవడం వంటి పనుల ఖర్చే ఎక్కువ. 2014లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఒక ఆదేశంలో, నెట్‌వర్క్ నిర్మాణ ఖర్చులో ఈ సివిల్ పనుల వాటా 80 శాతం దాకా ఉండవచ్చని రాశారు. ఇది ఒకేసారి పెట్టే పెట్టుబడి. అప్పు తెచ్చి పెడతారు, చాలా ఏళ్ల పాటు చందాల నుంచి రాబట్టుకుంటారు. ఒక వీధిలో వంద ఇళ్లుంటే తొంభై ఇళ్లు చేరినా, పది ఇళ్లే చేరినా తవ్వకం ఖర్చు దాదాపు ఒకటే. ఇళ్లు దూరదూరంగా ఉన్నచోట్ల చార్జీ ఎక్కువగా ఉండటానికి ఇదే ప్రధాన కారణం, ఆ మేరకు అది న్యాయమైన కారణం.

ఒకసారి వేసిన ఫైబర్ దశాబ్దాల పాటు పనిచేస్తుంది. వేగం పెంచాలంటే సాధారణంగా రెండు చివర్లలోని పరికరాలు మారిస్తే చాలు. చాలాసార్లు అదీ అవసరం ఉండదు. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే, విస్తృతంగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఎక్స్ఛేంజి దగ్గరి ఒక పోర్టు నుంచి సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు వస్తాయి. వీధిలో ఎక్కడో ఉన్న స్ప్లిటర్ దాన్ని 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. మీ ప్లాన్ వేగం ఎంత అన్నది ఆ పోర్టు మీద మీ కనెక్షన్‌కు రాసిపెట్టిన ఒక పరిమితి. ఆ అంకెను మార్చడానికి మీ ఇంటికి ఎవరూ రానక్కరలేదు, మీ గోడకున్న పెట్టెను మార్చనక్కరలేదు. మీ విషయంలో జరిగింది ఇదే అయి ఉండే అవకాశం ఎక్కువ. సిబ్బంది జీతాలు, కరెంటు, తెగిన వైర్ల మరమ్మతు, పైస్థాయి నెట్‌వర్క్‌కు కట్టే రుసుము ఏటా పెరుగుతాయన్నది నిజమే. కానీ అడగని వేగాన్ని కారణంగా చూపి చార్జీ పెంచడం ఖర్చును రాబట్టుకోవడం కిందికి రాదని నా గట్టి అభిప్రాయం. వినియోగదారు దగ్గర ఎంత రాబట్టవచ్చో అంత రాబట్టడమే దాని ఉద్దేశం.

ఇక మీకు ఎంత వేగం కావాలి? హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 4కె వీడియోకు 15 నుంచి 25 ఎంబీపీఎస్ సరిపోతాయి. వీడియో కాల్‌కు సాధారణంగా 4 ఎంబీపీఎస్ మించి అక్కరలేదు. ఒకే సమయంలో ఒకరు 4కె సినిమా, ఒకరు హెచ్‌డీలో ఆట చూస్తూ, ఇద్దరు వీడియో కాల్స్‌లో ఉన్నా 40 ఎంబీపీఎస్ దాటదు. పెద్ద ఫైళ్లు తరచుగా దించుకునేవారికి, ఎక్కించేవారికి తప్ప మూడు నాలుగు వందల ఎంబీపీఎస్ వేగం ఉన్న ప్లాన్ వల్ల కంటికి కనిపించే లాభం తక్కువ. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, కంప్యూటర్ చూపేది తరచుగా మెగాబైట్లు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద ఫైలు సెకనుకు 12.5 మెగాబైట్ల చొప్పున దిగితే అది పూర్తి వేగమే.

ప్లాన్ మార్చే ముందు ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి, తెల్లవారుజామున ఒకసారి, రాత్రి అందరూ వాడే సమయంలో ఒకసారి వేగం చూడండి. ఆ తరువాత అదే ల్యాప్‌టాప్‌తో లోపలి గదిలో వైఫై మీద చూడండి. వైరు మీద తెల్లవారుజామున బాగా వచ్చి రాత్రి పడిపోతే లోపం సంస్థ వైపు ఉంది. వైరు మీద ఎప్పుడూ బాగా వచ్చి గదిలో పడిపోతే అది రౌటర్ స్థానం వల్లనో, వైఫై తరంగాల 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పడిన రద్దీ వల్లనో వచ్చిన లోపం, దానికి పెద్ద ప్లాన్ మందు కాదు.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్లే పరీక్షించాను. వైరు మీద రెండు వేళల్లోనూ చెప్పిన వేగం దాదాపుగా వచ్చింది, లోపలి గదిలో వైఫై మీద అందులో సగం కూడా రాలేదు. మా అవసరానికి ఇప్పటి ప్లాన్‌లో సగం కన్నా తక్కువ వేగం చాలునని లెక్క తేలింది. అయితే సంస్థకు ఫోన్ చేసి టీవీ తీసేస్తే ఎంత అవుతుందని అడిగితే, ఇంటర్నెట్ ఒక్కదానికే ఇప్పటి మొత్తానికి దగ్గరగా చెప్పారు. ఇదెలా సాధ్యం? టీవీకి విలువే లేనట్టా?

జవాబు (వినియోగదారుల సమస్యల మీద పనిచేసేవారు)

జంట ప్యాక్‌లో ఇచ్చే రాయితీని ఏ సేవకు చెందినదిగా చూపాలో సంస్థ ఇష్టం. మీరు టీవీ తీసేస్తానంటే ఆ రాయితీ మొత్తం టీవీదేనంటారు, ఇంటర్నెట్ తీసేస్తానంటే అది ఇంటర్నెట్‌దంటారు. ఏది వదిలినా ఆదా కనిపించకుండా చూడటమే ఈ లెక్క ఉద్దేశం. ఫోన్‌లో వారు చెప్పే మాటను ఆఖరి మాటగా తీసుకోకండి. వారి వెబ్‌సైటులో కొత్త చందాదారులకు ఇంటర్నెట్ ఒక్కటే ఎంతకు ఇస్తున్నారో చూడండి, మీ వీధికి సేవ అందించే మరో సంస్థ ఉంటే వారి ధరను రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఆ తరువాత కనెక్షన్ రద్దు విభాగంతోనే మాట్లాడండి. ధర తగ్గించే అధికారం మామూలు సహాయ కేంద్రం కన్నా ఆ విభాగానికి ఎక్కువగా ఉంటుంది. అడగవలసిన ప్రశ్న నెలకు ఎంత అని కాదు. అద్దెలు, పన్నులు, ఇన్‌స్టలేషన్, రాయితీ ముగిశాక పడే రేటు అన్నీ కలిపి 24 నెలల్లో నేను కట్టేది మొత్తం ఎంత అని అడిగి, జవాబును ఈమెయిల్‌లో పంపమనండి. మధ్యలో ధర పెంచే హక్కు ఒప్పందంలో రాసుకున్నారేమో కూడా అప్పుడే చదవండి.

ఈ తలనొప్పి అన్ని దేశాల్లోనూ ఉన్నదే. ఒప్పందం నడుస్తుండగా ద్రవ్యోల్బణాన్ని సాకుగా చూపి ధర పెంచే షరతులను కొత్త ఒప్పందాల్లో పెట్టకుండా బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 జనవరి 17 నుంచి నిషేధించింది. పెంచదలిస్తే ఎప్పుడు, ఎంత పెంచుతారో మొదటే అంకెల్లో చెప్పాలి. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద ఇంటర్నెట్ సంస్థలు ధర, అదనపు రుసుములు, వేగం, డేటా పరిమితి ఒకే పట్టికలో చూపాలని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన పెట్టింది. రౌటర్ అద్దె విషయంలో జర్మనీ 2016 ఆగస్టు నుంచి సొంత రౌటర్ పెట్టుకునే హక్కును చందాదారుకు ఇచ్చింది. మీ దగ్గర అటువంటి నిబంధన ఉందో లేదో తెలుసుకుని, వీలుంటే మీ రౌటర్ మీరే కొనుక్కోండి. లోపలి గదిలో సిగ్నల్ సమస్య కూడా దానితోనే తీరవచ్చు.

ఇవన్నీ ఒక ఇంటి స్థాయి ఉపాయాలు. ధర నిజంగా దిగేది రెండో సంస్థ రాగలిగినచోటనే. కానీ మొదటి సంస్థ ఇప్పటికే తవ్వి వేసిన వీధిలో, సగం ఇళ్ల కోసం మళ్లీ తవ్వడానికి రెండో సంస్థ సులభంగా ముందుకు రాదు. దీన్ని పరిష్కరించడానికి ఫ్రాన్స్ వంటి దేశాలు పాత టెలిఫోన్ సంస్థ వైర్లను పోటీ సంస్థలకు నియంత్రిత ధరకు అద్దెకు ఇప్పించాయి. 2002లో అక్కడ ఫ్రీ అనే సంస్థ చవకైన బ్రాడ్‌బ్యాండ్ ఇంటర్నెట్‌తో రంగంలోకి రాగలగడానికి ఆ ఏర్పాటే ఆధారం. స్వీడన్ రాజధాని స్టాక్‌హోం 1994లో స్టోకాబ్ అనే సొంత సంస్థను పెట్టి, నగరమంతా ఫైబర్ వేసి, అన్ని సంస్థలకూ సమాన షరతులతో అద్దెకు ఇస్తోంది. అమెరికాలోని చట్టనూగా నగరంలో అయితే ప్రజల యాజమాన్యంలోని విద్యుత్ సంస్థే 2010లో తన పరిధి మొత్తానికి గిగాబిట్ ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. దారి ఒకరిదై, దాని మీద నడిచే బండ్లు పదిమందివైతే ప్రయాణ చార్జీ తగ్గుతుంది. ఫ్రాన్స్‌లో, స్టాక్‌హోంలో జరిగిందీ అంతే. మీ ప్రాంతంలో ఇటువంటి ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు చందాదారులు అభిప్రాయం రాసి పంపడం చాలా అవసరం. అటువంటి విచారణల్లో సంస్థల వాదనలే ఎక్కువగా వినిపిస్తున్నాయి.

జవాబు (మరో చందాదారు)

పై సలహాలన్నీ రెండో సంస్థ ఉన్నచోట పనికొస్తాయి. మా వైపు ఒక్క వైరే ఉంది. రద్దు చేస్తానని బెదిరించడానికి నాకు ఆధారం లేదని వారికీ తెలుసు. వేగం తక్కువైనా ఫరవాలేదు, ధర తక్కువ ప్లాన్ ఇవ్వమంటే, అటువంటి ప్లాన్ ఇప్పుడు లేదన్నారు. ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ పెట్టిన లక్ష్యం ప్రకారం ప్రాథమిక ఇంటర్నెట్ ధర దేశపు తలసరి నెలసరి ఆదాయంలో 2 శాతానికి మించకూడదు. సగటు ఆదాయం మీద కట్టిన ఆ లెక్క నెరవేరిన దేశంలోనూ తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి అదే ప్లాన్ ఎంతో భారమవుతుంది. అమెరికాలో పేద కుటుంబాలకు ఇంటర్నెట్ బిల్లులో సాయం చేసిన పథకంలో 2 కోట్ల 30 లక్షలకు పైగా ఇళ్లు చేరాయి. నిధులు అయిపోవడంతో 2024లో అది ఆగిపోయింది. అంత సంపన్న దేశంలోనే అన్ని ఇళ్లకు సాయం అవసరమైందంటే, ధర సమస్య కేవలం బేరమాడటం రాకపోవడం వల్ల వచ్చిందని అనలేము. ప్రతి సంస్థా ఒక చిన్న, చవక ప్లాన్ తప్పనిసరిగా ఉంచాలని నిబంధన కావాలి.

ప్రస్తుతానికి మేము మొబైల్ సిగ్నల్ మీద నడిచే ఇంటి రౌటర్ వైపు చూస్తున్నాము. కిటికీ దగ్గర పెడితే వేగం ఫరవాలేదు. అయితే డేటా పరిమితి దాటాక వేగం ఎంతకు పడిపోతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. టీవీ అంతా ఇంటర్నెట్ మీదే చూసే ఇంట్లో ఆ పరిమితి నెల మధ్యకే అయిపోతుంది.

జవాబు (కేబుల్ పంపిణీ రంగంలో పనిచేసినవారు)

ఆ సోదరులు చెప్పినది నిజం. ఒక్క వైరే ఉన్నచోట నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయడం తప్ప చందాదారు చేతిలో ఉన్నది తక్కువ.

ప్రశ్న అడిగినవారికి ఇంకొక సూచన. టీవీ ఒకేసారి తీసేయకండి. ఒక నెల పాటు ఇంట్లో ఎవరు ఏ చానల్ చూశారో రిమోట్ పక్కన ఒక కాగితం మీద రాసిపెట్టమనండి. వాటిలో ఉచిత చానళ్లు ఏవో, పే చానళ్లు ఏవో విడదీయండి. ఉచితంగా ప్రసారమయ్యేవి మామూలు యాంటెన్నాకో చిన్న డిష్‌కో అందే ప్రాంతమైతే వాటికి చందాయే అక్కరలేదు. మిగిలిన పే చానళ్ల కార్యక్రమాలు యాప్‌లలో దొరికినా, మూడు నాలుగు యాప్‌ల చందాలు కలిపితే పాత బొకే ధరను దాటవచ్చు. ఆటల యాప్‌ను పోటీలు జరిగే నెలల్లో మాత్రమే తీసుకుని తరువాత ఆపేయడం మేలు. పెద్దవాళ్లకు ఫోన్‌తో, యాప్‌లతో ఇబ్బందైతే వారి టీవీకి కనీస ప్యాక్ ఒక్కటి ఉంచి, రెండో టీవీ కనెక్షన్ మాత్రం తీయించండి. మీ బిల్లు చూస్తే అన్నిటికన్నా ముందు తగ్గేది అక్కడే.

తీయించేటప్పుడు సెట్‌టాప్ బాక్సు, దాని అడాప్టర్, రిమోట్ మూడూ అప్పగించి, పెట్టె వెనుక ఉన్న సీరియల్ నంబరు వేయించి రసీదు తీసుకోండి. చేరినప్పుడు డిపాజిట్ కట్టి ఉంటే దాన్ని వాపసు అడిగేది కూడా అప్పుడే. రసీదు లేక, తిరిగిచ్చిన పెట్టెకే నెలల తరబడి అద్దె కట్టినవారిని నేను ఆ ఉద్యోగంలో ఉండగా చాలామందిని చూశాను.